లియో గారి కోపం

పదమూడేళ్ళు నేను మంచివాళ్ళ మధ్య ఉద్యోగం చేశాను. మామూలు మంచివాళ్ళు కారు. ఇంకా మంచివాళ్ళం కావాలని పట్టుబట్టి, వారం వారం కూర్చుని, తమ గుణాలను తామే తూచుకునేవాళ్ళు. అందుకే నేను రాసేది చేదుగా ఉంటుంది. చెడ్డవాళ్ళ దగ్గర పనిచేసి రిటైరైనవాళ్ళకి ఇంత చేదు మిగలదనుకుంటాను. వాళ్ళు మొదటినుంచీ ఏమీ ఆశించి ఉండరు.

న్యూజెర్సీలో యూదుల వృద్ధుల హోమ్ ఒకదానిలో నేను సోషల్ వర్కర్‌ని. 2001లో చేరి, 2014లో దిగిపోయాను. మొన్న ఐసెలిన్‌లో చీరల షాపులో మా స్నేహితుల అమ్మాయి నిత్య నన్ను పట్టుకుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "ఆంటీ, నేను సోషల్ వర్క్ మాస్టర్స్‌కి అప్లై చేశా. మమ్మీ ఫుల్ మ్యాడ్ నా మీద. మీరు చెప్పండి, జాబ్ రియల్‌గా ఎలా ఉంటది?" అంది. చీరల గుట్టల మధ్య నిలబడి చెప్పే సంగతి కాదు. రాసిస్తానన్నాను. తనకి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపించాలి. అదీ మంచిదే. వాళ్ళమ్మకి కూడా తెలుస్తుంది.

ప్రమోషన్లు, ఫైళ్ళు, ఇన్స్యూరెన్సు వాళ్ళతో ఫోన్‌లో పడిగాపులు, ఇవన్నీ వదిలేస్తాను. అవి ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఒక్క సంగతే చెబుతాను.

గదిలో మాట్లాడనిది ఎవరు

నా పేరు అన్నపూర్ణ. అక్కడ అందరికీ "ఆనా". ఆంధ్రాలో ఎమ్మే చదివి, ఇక్కడ మళ్ళీ చదివి, నలభై దాటాక ఆ ఉద్యోగంలో చేరాను. యూదుల గురించి నాకు అప్పటికి తెలిసింది సున్నా. మాంసం గిన్నెలు, పాల గిన్నెలు వేరుగా పెడతారని విన్నప్పుడు మా అమ్మమ్మ మడి గుర్తొచ్చి, ఇక్కడ నాకు ఇబ్బంది ఉండదులే అనుకున్నాను. నిజంగానే ఉండలేదు.

నా మొదటి బాస్ డొరొతీ. పొడవాటి మనిషి, సిగరెట్ మానేసిన చిరాకు ఎప్పుడూ మొహం మీదే ఉండేది. చేరిన మొదటి వారం ఒక కుటుంబంతో మీటింగు జరిగింది. ముగ్గురు కొడుకులు, కోడళ్ళు, మధ్యలో వాళ్ళ తల్లి. తల్లిని ఏ అంతస్తులో ఉంచాలో అందరూ మాట్లాడుతున్నారు. నేను వరుసగా అందరి మాటలూ రాసుకుంటున్నాను. బయటికొచ్చాక డొరొతీ, "ఏం తెలుసుకున్నావు?" అంది. గడగడా చెప్పాను.

"అవన్నీ వాళ్ళు చెప్పినవి. ఆ గదిలో నోరు విప్పనిది ఎవరు?"

తల్లి. ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు, ఎవరూ అడగలేదు.

"నీ ఉద్యోగం ఆవిడ" అంది డొరొతీ. "మాట్లాడేవాళ్ళకి నీ అవసరం లేదు."

రెండేళ్ళకి ఆమె రిటైరైపోయింది. ఆ తరవాత నాకు అంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. మంచితనం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు.

మూసార్

నేను చేరిన కొన్నేళ్ళకి హోమ్‌కి కొత్త రబ్బై వచ్చాడు. రబ్బై అంటే వాళ్ళ మతగురువు, మన పురోహితుడూ పంతులూ కలిపినట్టు. పేరు ఆరన్. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా ఉండేవాడు. నవ్వితే మొహమంతా నవ్వేవాడు. ఆయన వచ్చాక మూసార్ గుంపు మొదలుపెట్టాడు.

మూసార్ అంటే దిద్దుబాటు. యూదుల్లో పాత సాధన అది. పూజలు, ఉపవాసాలు, నియమాలు ఎన్ని పాటించినా మనిషి గుణం మారకపోతే ఏం లాభం అనే ప్రశ్నతో మొదలవుతుంది. నెలకి ఒక గుణం తీసుకుంటారు: ఓర్పు, వినయం, నిజం, గౌరవం. వారానికోసారి కూర్చుని, ఆ గుణం విషయంలో ఎక్కడ తప్పామో చెప్పుకుంటారు. ఒక్కొక్కరూ చిన్న పని ఒకటి పెట్టుకుంటారు. పెద్ద ప్రతిజ్ఞలు కావు. ఓర్పు నెలలో అయితే, ఎదుటివాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా ఆగడం. అంతే.

గుణానికి వాళ్ళ మాట మిద్దా. దానికి అసలు అర్థం కొలత. ఏ గుణమైనా కొలత మించకూడదు, కొలత తగ్గకూడదు. వినయం కూడా ఎక్కువైతే దోషమే. ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్ళి మావారితో చెప్పాను. "మన దగ్గర సత్సంగాల్లో కోపం వద్దు, వద్దు అంటారు తప్ప ఎంత ఉండాలో ఎవరూ చెప్పరు" అన్నారాయన.

గుంపులో ముసలివాళ్ళు, స్టాఫ్ కలిసి కూర్చునేవాళ్ళం. ఏర్పాట్లు చూడమని నన్ను వేశారు. కూర్చోమని ఎవరూ అడగకపోయినా నేనూ కూర్చునేదాన్ని. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ సాధన బూటకం కాదు. దాని వల్ల మనుషులు మారడం నా కళ్ళతో చూశాను. అందరికంటే బాగా చూసింది లియో గారిలో.

లియో

లియో గారు ఎనభై దాటిన మనిషి. నడవడానికి కర్ర ఉండేది. ఒకప్పుడు సొంత బేకరీ నడిపాడు. కోపానికి పెట్టింది పేరు. మాడిన రొట్టెల ట్రే పనివాడి మీదకి విసిరిన కథ ఆయనే చెప్పాడు. కూతురు రూత్ పెళ్ళిలో కుర్చీలు వేసిన వరుస నచ్చక, వియ్యాలవారి ముందు, పెళ్ళికూతురి బట్టల్లో ఉన్న పిల్లని నిలబెట్టి అరిచాడట. రూత్ ఆ తరవాత దేశానికి ఆ చివర ఓరెగన్‌లో కాపురం పెట్టింది. పండక్కి ఫోన్ చేసేది, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసేది.

గుంపులో మొదటి రోజే ఆయన అన్నాడు: "నాకు వినయం, ఓర్పు అవన్నీ వద్దు. అంత టైము లేదు. చచ్చేలోగా కోపం ఒక్కటి సరిచేసుకోవాలి."

రబ్బై ఆయనకి ఒక చిన్న పని ఇచ్చాడు. కోపం వస్తే నిలబడి మాట్లాడకూడదు. ముందు కూర్చోవాలి. కూర్చున్నాకే నోరు తెరవాలి.

వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఆయన దాన్ని ఎంత పట్టుదలగా చేశాడంటే, డైనింగ్ హాల్లో హఠాత్తుగా ఏదో ఒక కుర్చీ లాక్కుని కూలబడిపోయేవాడు. అందరికీ అర్థమైపోయేది, లియోకి కోపం వచ్చిందని. ఒకసారి సూప్ చల్లగా ఉందని యోలాండ్ మీద అరిచాడు. యోలాండ్ హెయితీ నుంచి వచ్చిన మనిషి. ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, లేపి కూర్చోబెట్టి, తిండి పెట్టే ఎయిడ్. ఆమెకూ నోరు తక్కువేం కాదు. "సూప్ నేను వండలేదు, వెళ్ళి వంటింటి మీద అరవండి" అంది. మర్నాడు ఆయన కర్ర టకటకలాడించుకుంటూ ఆమె దగ్గరకెళ్ళాడు.

"నిన్న నేను కూర్చోవడం మర్చిపోయాను. తప్పు నాది."

"సరే. రేపు మళ్ళీ మర్చిపోకండి" అంది యోలాండ్, దుప్పటి దులుపుతూ.

ఆ తరవాత వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. స్నేహమంటే పెద్దగా ఏం లేదు. ఆయన రొట్టె పిండి ఎలా పిసకాలో చెప్పేవాడు, ఆమె వినకుండా పని చేసుకునేది, ఆయన చెబుతూనే ఉండేవాడు.

రూత్ సంగతి మాత్రం ముందుకు సాగలేదు. యోమ్ కిప్పూర్ అని వాళ్ళకి శరదృతువులో ఒక ఉపవాసం రోజు ఉంది. మనం దేవుడికి చేసిన తప్పులు దేవుడు క్షమిస్తాడు, మనిషికి చేసినవి ఆ మనిషే క్షమించాలి, కాబట్టి ఆ రోజు రాకముందే వెళ్ళి అడగాలి. ప్రతి ఏడూ లియో గారు, "ఈసారి రూత్‌కి ఫోన్ చేసి ఆ పెళ్ళి సంగతి అడిగేస్తా" అనేవాడు. ప్రతి ఏడూ వాతావరణంతోనే ముగిసేది. "కూర్చుంటే నోరు ఆగుతోంది ఆనా, కానీ తెరవాల్సినప్పుడు తెరుచుకోవడం లేదు" అన్నాడొకసారి.

మెత్తటి గొంతు

గుంపులో అందరికంటే శ్రద్ధగా సాధన చేసేది మా డైరెక్టర్ నార్మన్. హోమ్ మొత్తానికి అధికారి అయ్యుండి, ఒక్క వారం మానకుండా వచ్చేవాడు. ఆయన గొంతు పెరగడం నేనెన్నడూ వినలేదు. ఎవరింట్లో చావు జరిగినా వెళ్ళేవాడు. స్టాఫ్ పిల్లల పేర్లన్నీ గుర్తుండేవి. మా అమ్మ పోయినప్పుడు నేను ఇండియా వెళ్ళి వచ్చేసరికి నా టేబుల్ మీద ఒక పూల కుండీ, ఆయన చేత్తో రాసిన రెండు వాక్యాలు ఉన్నాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన్ని దొంగ భక్తుడు అనుకుంటారేమోనని. కాదు. దొంగ అయితే నాకు సులువుగా ఉండేది.

అమెరికా అంతటా డబ్బుకి కటకటగా ఉన్న రోజులొచ్చాయి. మా హోమ్‌లో ఎయిడ్లని తగ్గించారు. పోయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు రాలేదు. ఉదయం మీటింగులో హెడ్ నర్సు లేచి చెప్పింది: "నడవలేనివాళ్ళని మంచం మీంచి లేపే యంత్రం ఉంది కదా, దానికి ఇద్దరుండాలి. రూలది. మూడో అంతస్తులో మధ్యాహ్నం ఒక్కరే ఉంటున్నారు."

నేను ఆ మీటింగులో ఉన్నాను. నార్మన్ ఎప్పటిలాగే ఆమె వాక్యం పూర్తయ్యేదాకా ఆగాడు. ఆ తరవాత, "మీ కష్టం నాకు తెలుసు. ప్రస్తుతానికి ఉన్నవాళ్ళతోనే నడిపించండి" అన్నాడు. ఓర్పుగా, గౌరవంగా, మెత్తగా. 

కొన్ని వారాలకి మూడో అంతస్తులో గోల్డా అనే ఆవిడని యంత్రంతో లేపుతుంటే ఒకవైపు పట్టీ జారి ఆవిడ కింద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి ఆవిడ మళ్ళీ హోమ్‌కి రాలేదు. ఆ మధ్యాహ్నం ఆ అంతస్తులో ఉన్న ఒకే ఒక ఎయిడ్ యోలాండ్.

ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కతే చేసిందని, రూలు తప్పిందని ఆమెని తీసేశారు. రెండో మనిషి ఎక్కడినుంచి వస్తుందో రిపోర్టులో ఎవరూ రాయలేదు. స్టాఫ్ సరిపడా ఉన్నారని ఆ రిపోర్టు కింద నార్మన్ సంతకం పెట్టాడు.

నాలుక నెల

ఇక్కడే నిత్య లాంటి పిల్లలు జాగ్రత్తగా వినాలి.

ఆ నెల గుంపులో తీసుకున్న గుణం నాలుక. ఎదుట లేనివాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదు, నిజమైనా సరే. యూదుల్లో దీనికి చాలా పట్టింపు. మంచి పట్టింపే. ఆ వారం అందరం గుండ్రంగా కూర్చున్నాం. నార్మన్ ఎప్పటి చోట్లోనే ఉన్నాడు. రబ్బై మొదలుపెట్టబోతుంటే లియో గారు అడిగాడు.

"యోలాండ్ ఏది? మూడు రోజులుగా కొత్త పిల్ల వస్తోంది."

రబ్బై కొంచెం తడబడ్డాడు. "లియో, ఈ గదిలో లేని మనిషి గురించి మనం మాట్లాడవద్దు. ముఖ్యంగా ఈ నెల."

"నేను ఆమె గురించి చెడు మాట్లాడడం లేదు. ఆమె ఏదని అడుగుతున్నాను."

నార్మన్ మెత్తగా అందుకున్నాడు. "ఒక దురదృష్టం జరిగింది లియో. రూలు పాటించలేదు. ఆమె గౌరవం కోసమే నేను వివరాలు చెప్పడం లేదు."

లియో గారికి కోపం వచ్చింది. కూర్చునే ఉన్నాడు, ఆ సాధన ప్రకారం ఇంక భయం లేదు. కానీ ఆయన లేచాడు. కర్ర మీద బరువేసి, మెల్లగా, పూర్తిగా లేచి నిలబడ్డాడు.

"గోల్డా నా పక్క గది!" అని అరిచాడు. "ఆ మధ్యాహ్నం సాయానికి ఎవరైనా రండి అని ఆ పిల్ల హాల్లో కేకలు పెట్టడం నేను విన్నాను. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదు? ఎవరూ లేరు గనక! లేకుండా చేసింది నువ్వు! ఆమె గౌరవం కోసమా? నీ గౌరవం కోసం! ఆ పిల్ల నెత్తిన పులిమి, ఇక్కడికొచ్చి నాలుక గురించి మాట్లాడతావా? సిగ్గులేదా నీకు?"

ఆ ముసలి గొంతులో అంత బలం ఎక్కడుందో నాకు తెలియదు. హాల్లో వెళ్తున్న వాళ్ళు తలుపు దగ్గర ఆగిపోయారు. నార్మన్ మొహం పాలిపోయింది. కానీ గొంతు మారలేదు. "మీ బాధ నేను వింటున్నాను లియో" అన్నాడు.

గుంపులో పెర్ల్ అనే ఆవిడ ఉండేది. స్కూల్లో హీబ్రూ చెప్పిన టీచరు, పొడిపొడిగా మాట్లాడే మనిషి. "రబ్బై, పక్కవాడికి హాని జరుగుతుంటే చూస్తూ నిలబడకూడదని కూడా మన ధర్మంలో ఉంది. అది ఏ నెలలో చెబుతారు?" అంది.

రబ్బై, "మనమందరం కొంచెం ఊపిరి తీసుకుందాం" అన్నాడు.

అందరూ ఊపిరి తీసుకున్నారు. లియో గారు నిలబడే ఉన్నాడు. నేను లేచి, "ఆయన చెప్పింది నిజం. ఉదయం మీటింగులో నర్సు అడిగింది, ఉన్నవాళ్ళతో నడిపించమన్నారు. నేనక్కడే ఉన్నాను" అన్నాను. గదిలో ఆ మాట ఎక్కడో పడి ఉండిపోయింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు.

రాష్ట్రం తరఫున తనిఖీకి వచ్చిన మనిషికి కూడా అదే చెప్పాను. ఆమె విన్నది, రాసుకుంది, థ్యాంక్స్ చెప్పింది. తరవాత హోమ్‌కి ఒక హెచ్చరిక వచ్చింది. గోడ మీద కొత్త రూలు కాగితం అంటించారు. యోలాండ్ ఉద్యోగం తిరిగి రాలేదు. నార్మన్ నన్ను గదికి పిలిచాడు.

"ఆనా, మీ నిజాయితీ అంటే నాకు గౌరవం" అన్నాడు. "కానీ గుంపులో అందరూ మనసు విప్పి మాట్లాడాలి కదా. మీరుంటే కొందరికి అది కష్టమవుతోంది. ఇకపై ఏర్పాట్లు వేరేవాళ్ళు చూసుకుంటారు."

"ఎవరికి కష్టమవుతోంది?" అన్నాను.

"లేనివాళ్ళ గురించి మాట్లాడను" అని నవ్వాడు. ఆ నవ్వు నిజంగానే స్నేహంగా ఉంది. ఆ గదిలోంచి బయటికి నడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

రబ్బై ఆరన్‌ని కూడా అడిగాను, పార్కింగ్ లాట్‌లో పట్టుకుని. కారు తాళాలు చేతిలో తిప్పుతూ అన్నాడు:

"ఈ గుంపు నార్మన్ దయ మీద నడుస్తోంది ఆనా. రేపు ఆపేస్తే ఈ ముసలివాళ్ళకి ఏం మిగులుతుంది?"

"గుంపు నిలబడింది. అందులో నేర్పింది నిలబడిందా?"

"మీరు చాలా కఠినంగా మాట్లాడుతున్నారు" అన్నాడు. అబద్ధమాడలేదు. నేను కఠినంగానే మాట్లాడాను.

క్షమాపణ

ఇదంతా అయ్యాక లియో గారు గెలిచినవాడిలా ఉంటాడనుకున్నాను. పొగడాలనే ఆయన గదికి వెళ్ళాను. కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"అంతా పాడుచేసుకున్నాను" అన్నాడు. "ఇన్నేళ్ళు కష్టపడ్డాను. ఒక్క నిమిషంలో పాత లియో లేచొచ్చాడు. నిలబడి అరిచాను ఆనా. నిలబడి!"

"మీరు నిలబడాల్సిన చోట నిలబడ్డారు. కోపానికి కూడా కొలత ఉంటుందని మీవాళ్ళే కదా చెబుతారు? అది సరైన కొలతే."

"కాదు. నాకు లోపల ఎలా ఉందో నాకు తెలుసు. ట్రే విసిరినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. వేడిగా, హాయిగా."

"హాయిగా ఉంటే తప్పని ఎవరన్నారు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. రబ్బైతో మాట్లాడాడట. రబ్బై ఏమన్నాడని అడిగాను. "బాధ నిజమే కావచ్చు, కానీ నలుగురిలో ఒకరి మొహం పాలిపోయేలా చేయడం మన దగ్గర పెద్ద పాపం అన్నాడు. అది నిజమే. చిన్నప్పటినుంచీ విన్నాను."

మరి యోలాండ్ మొహం సంగతో? అది నేను గట్టిగానే అడిగాను.  ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక్క గుణం, దాన్ని చచ్చేలోగా గెలవాలన్న పంతం. ఆ పంతాన్ని ఎవరికి పనికొచ్చేట్టు తిప్పారో ఆ మనిషికి కనబడలేదు.

ఆ శరత్తులో యోమ్ కిప్పూర్ ముందు ఒక ఉదయం లియో గారు కోటు వేసుకుని, టై కట్టుకుని, నార్మన్ ఆఫీసుకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. నేను హాల్లో ఇంకొక ఆవిడతో మాట్లాడుతూ అంతా చూశాను. ఆయన లోపలికి వెళ్ళగానే ముందు కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. కూర్చున్నాకే మాట్లాడాడు.

"అందరి ముందు మిమ్మల్ని అవమానించాను. క్షమించండి."

నార్మన్ బల్ల వెనకనుంచి లేచి వచ్చి, వంగి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నటన కాదు. "మనస్ఫూర్తిగా క్షమించాను" అన్నాడు.

నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అతి నీచమైన దృశ్యం అది. అందులో ఇద్దరూ కన్నీళ్ళతో ఉన్నారు, ఇద్దరూ నిజాయితీగా ఉన్నారు. యోలాండ్‌ని క్షమాపణ అడగడానికి మాత్రం ఆ ఏడు ఎవరూ వెళ్ళలేదు.

ఆమెని నేను ఒకసారి కలిశాను, మందుల షాపులో. ఇంకో ఊళ్ళో ఇళ్ళకెళ్ళి ముసలివాళ్ళని చూసుకుంటోంది. హోమ్‌లలో తీసుకోవడం లేదట. జరిగిందంతా చెప్పాను, లియో గారు అరిచిన సంగతి కూడా. సంతోషిస్తుందేమోనని నా ఆశ.

"మీరంతా మంచివాళ్ళవ్వడానికి వారానికోసారి కూర్చునేవాళ్ళు కదా" అంది. "నేను అప్పుడు పైన డైపర్లు మార్చేదాన్ని. మీ మంచితనం పూర్తయ్యేదాకా ఆగే తీరిక నాకు లేదు ఆనా. లియోకి హలో చెప్పండి." మందులు తీసుకుని వెళ్ళిపోయింది.

హలో చెప్పాను. 

కొత్తగా వచ్చేవాళ్ళకి

ఇది యూదుల తప్పని ఎవరైనా అనుకుంటే నేను సరిగ్గా రాయలేదన్నమాట. మన గుడి కమిటీల్లో ఇదే చూశాను. కోడలి మీద చెయ్యి చేసుకున్నవాడు ముందు వరుసలో కూర్చుని శాంతి మీద ఉపన్యాసం వింటాడు. ఏడ్చిన కోడలికి అందరూ "సర్దుకుపో అమ్మా, కోపం మంచిది కాదు" అని చెబుతారు. గుణాల పాఠం ఎప్పుడూ కిందకే ప్రవహిస్తుంది. ఓర్పు ఎవరికి నేర్పుతున్నారో చూడండి. ఆ ఓర్పుతో ఎవరికి సుఖమో చూడండి. సోషల్ వర్కర్‌కి అంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు.

మెత్తటి గొంతుని నమ్మకండి. గట్టి గొంతుని నమ్మమని కాదు. గొంతు సంగతి పక్కనపెట్టి, ఆ మాట తరవాత ఎవరి ఉద్యోగం పోయిందో చూడండి.

మూసార్ నేర్పినవి నేను ఇప్పటికీ పాటిస్తాను. ఎదుటివాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతాను. మంచి అలవాటు. కానీ వాక్యం పూర్తయ్యాక జవాబు చెబుతాను.

నేనెందుకు మానెయ్యలేదని నిత్య అడుగుతుంది. మూడో అంతస్తులో ఇంకా ముసలివాళ్ళున్నారు గనక. మానేస్తే నార్మన్‌కి హాయి తప్ప వాళ్ళకి ఒరిగేదేం లేదు గనక. ఉండి ఏం సాధించానంటే, ఆ యంత్రానికి ఇద్దరు లేని రోజు ఎవరినీ లేపవద్దని నర్సులకి నోరు పెట్టుకుని చెబుతూ వచ్చాను. కొన్నిసార్లు విన్నారు.

రూత్

లియో గారు ఆ తరవాత ఏడాది దాటకుండానే పోయాడు. నిద్రలోనే. హోమ్‌లోని ప్రార్థన గదిలో స్మారక సభ పెట్టారు. నార్మన్ మాట్లాడాడు. లియో జీవితాంతం కోపంతో పోరాడాడని, చివరికి గెలిచాడని, ఒకసారి తన మీద కోపం వచ్చినా మళ్ళీ తానే వచ్చి క్షమాపణ అడిగాడని, అంత వినయం తానెక్కడా చూడలేదని చెప్పాడు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. పెర్ల్ లేచి బయటికి వెళ్ళిపోయింది.

సభ అయ్యాక రూత్ తండ్రి గది ఖాళీ చేస్తుంటే సాయం వెళ్ళాను. అప్పటికి ఆమెకి యాభై దాటాయి. తండ్రి చుబుకం, తండ్రి చేతులు. షర్టులు మడతపెడుతూ అడిగింది.

"ఆ డైరెక్టర్‌కి మా నాన్న ఏం అన్యాయం చేశాడు?"

అన్నీ చెప్పాను. గోల్డా పడడం, యోలాండ్‌ని తీసెయ్యడం, లియో గారు లేచి నిలబడడం, ఆ శరత్తులో టై కట్టుకుని వెళ్ళడం. మధ్యలో ఆమె మడతపెట్టడం ఆపేసింది.

"ఆ పండక్కి ముందా?"

"అవును."

"ప్రతి ఏడూ ఆ పండక్కి ముందు నేను ఫోన్ దగ్గర ఉండేదాన్ని" అంది. "ఈసారి అడుగుతాడు, ఈసారి అడుగుతాడు అనుకుంటూ. ఆ ఏడు ఫోన్‌లో అలిసిపోయినట్టున్నాడు. ఓరెగన్‌లో వానలా అన్నాడు. అవునన్నాను."

నేను ఏం చెప్పాలి? ఆయనకి మనసులో ఉందనా? ఉంది. ప్రతి ఏడూ అనుకునేవాడనా? అనుకునేవాడు. అది ఆమెకి ఓదార్పు అవుతుందో, ఇంకొక దెబ్బ అవుతుందో ఇప్పటికీ నాకు తెలియదు. అయినా చెప్పాను. ఆమె తల ఊపింది, విన్నట్టుగా.

మడతపెట్టిన షర్టులు పక్కకి జరిపి మంచం అంచున కూర్చుంది.

"అరిచినప్పుడు గొంతు గట్టిగా ఉందా?"

"హాలు చివరిదాకా వినిపించింది."

"ఏమన్నాడు? ఆయన మాటల్లోనే చెప్పండి."

చెప్పాను. సిగ్గులేదా నీకు అన్న దగ్గర నా గొంతు కూడా లేచింది. పక్క గదిలో సామాన్లు సర్దుతున్న ఎయిడ్ తొంగి చూసింది.

రూత్ పెదవులు కదిలాయి, ఆ మాటలు లోపల తనూ అంటున్నట్టు.

"ఆ గొంతు నాకు తెలుసు" అంది. "ఒక్కసారి సరైనవాడి మీద అరిచాడు. దానికి మాత్రం వెళ్ళి సారీ చెప్పొచ్చాడు."